మావయ్య గారి చెవి మిషన్, మా ఇంటి చెత్తబుట్ట

2023 జులైలో ఒక మంగళవారం పొద్దున్న మావయ్య గారి చెవి మిషన్ కనబడలేదు. ముందు రాత్రి భోజనాల బల్ల మీద కాగితం రుమాల్లో చుట్టి పెట్టారట. పొద్దున్న ఆ బల్ల తుడిచింది నేనే. ఉప్మాలోంచి ఏరి పడేసిన కరివేపాకు, పచ్చిమిరప ముక్కలు, నలిగిన కాగితాలు, అన్నీ ఒక్క ఊపున ఊడ్చి బుట్టలో వేసిందీ నేనే. సంగతి తెలిసేసరికి ఎనిమిదిన్నర. చెత్తబండి ఏడున్నరకే వచ్చి వెళ్లిపోయింది.

38 వేలు పెట్టి కొన్న మిషన్. డబ్బు మాట అలా ఉంచితే, అది చెవిలో లేకపోతే ఆయన మా మధ్య ఉండరు. టీవీ పెట్టరు, ఫోను ఎత్తరు, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోతారు. "పోతే పోయిందిలే అమ్మా" అన్నారు. మిషన్ లేదు కదా, ఎంత గట్టిగా అన్నారో ఆయనకి తెలియదు. పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తీసి చూశారు.

మాది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. మా వీధి బండి చెత్తంతా ఎక్కడ దింపుతుందో వాచ్‌మన్‌ని అడిగి, స్కూటీ వేసుకుని వెళ్లాను. చిన్న బళ్లన్నీ అక్కడికి చేరతాయి. అక్కడి నుంచి పెద్ద బండిలో కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి వెళుతుంది. పన్నెండేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నాను, కైలాసగిరి, ఆర్కే బీచ్ ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మా ఇంటికి కిలోమీటరున్నర దూరంలో ఉన్న ఈ చోటు చూడడం అదే మొదటిసారి.

వాన పడి ఆగింది. మా బండి అప్పుడే దింపుతున్నారు. యాభై దాటిన ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "ఏటి పోనాదమ్మా?" అని అడిగింది. చెప్పాను. "మీ కవరు గురుతుందా?" అంది. నల్ల కవరు అన్నాను. ఆవిడ కుప్ప వైపు చూపించింది. అన్నీ నల్ల కవర్లే.

ఇద్దరం వెతకడం మొదలెట్టాం. మాది దొరికింది, మా కరెంటు బిల్లు చింపిన ముక్క మీద మావారి పేరు సగం కనబడబట్టి. ఆవిడ చేతులకున్న గ్లౌజులు తీసేసింది. "ఎందుకమ్మా, వేసుకోండి" అన్నాను. "సన్న వస్తువు కదా, ఇయ్యుంటే సేతికి తగల్దు" అంది. నా వస్తువు కోసం, మా ఇంటి చెత్తలో, ఒట్టి చేతులు పెట్టింది.

ఆ కవరులో ఏముందో రాయాలి. రాత్రి మిగిలి పాసిపోయిన పప్పుచారు, అది అన్నిటి మీదా ఒలికింది. రెండు రోజుల కిందటి రొయ్యల తలలు, పెంకులు. పాల కవర్లు. మావయ్య గారి బీపీ మాత్రల అట్టలు. దేవుడి దగ్గర తీసిన పూలు. ఆదివారం పగిలిన గాజుగ్లాసు ముక్కలు, దేనిలోనూ చుట్టకుండా. నా శానిటరీ ప్యాడ్లు మూడు, వాటినీ చుట్టలేదు. పక్కనే డ్రైవరబ్బాయి నిలబడి ఉన్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ ఏమీ అనకుండా వాటిని ఒక పక్కకి తీసి పెట్టి, మళ్లీ చెయ్యి పెట్టింది. రెండో నిమిషంలో గాజుముక్క ఆవిడ చూపుడువేలు కోసింది. చీర చెంగుతో వేలు ఒత్తి పట్టుకుని, రెండో చేత్తో వెతుకుతూనే ఉంది.

గంటసేపు వెతికాం. దొరకలేదు. కాగితాలన్నీ పప్పుచారులో నాని ముద్దయ్యాయి, ఏది రుమాలో ఏది బిల్లో తెలియలేదు. వెళ్లబోతుంటే ఆవిడ ఒక మాట అంది. "పొడిదీ తడిదీ యేరేరుగా ఇచ్చుంటే కాగితాల్లో ఎప్పుడో దొరికీదమ్మా." కోపంగా అనలేదు, నిష్టూరంగానూ అనలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. తన సీసాలో నీళ్లు నా చేతుల మీద పోసింది. వేలు కోసుకున్నది ఆవిడ, చేతులు కడుక్కున్నది నేను.

ఆ మాట నాకు కొత్త కాదు. అసలు బాధ అదే. 2021 అక్టోబరు 2న రాష్ట్రంలో క్లాప్, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్, పేరుతో పరిశుభ్రత కార్యక్రమం మొదలైంది. ఇంటికి మూడు బుట్టలన్నారు. ఆకుపచ్చది తడి చెత్తకి, నీలంది పొడి చెత్తకి, ఎరుపుది ప్రమాదకరమైన వాటికి. మా ఇంట్లో ఆకుపచ్చ బుట్టలో బట్టల క్లిప్పులుండేవి, నీలంది స్నానాల గదిలో నీళ్లకి, ఎరుపుది బాల్కనీలో ఉల్లిపాయలకి. నెలకు 120 రూపాయల చెత్త రుసుం ఎందుకు కట్టాలని మా అపార్ట్‌మెంటులో గంటలు గంటలు వాదించుకున్నాం. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి ఆ పన్ను తీసేస్తున్నామని చెప్పేదాకా ఆ వాదన నడుస్తూనే ఉంది. పేదవాళ్ల మీద భారం అన్న మాటలో న్యాయం ఉంది, కాదనను. కానీ ఆ మంగళవారం దాకా బుట్టల గురించి మాలో ఒక్కరం ఒక్కరోజు కూడా మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చి తలస్నానం చేశాక మావయ్య గారికి కాగితం మీద రాసి చూపించాను, దొరకలేదని, ఒకావిడ వేలు తెగిందని. ఆయన చదివి కాసేపు ఊరుకున్నారు. తర్వాత ఆ కాగితం వెనకే రాశారు: "మన ఊళ్లో కుడితి తొట్టి ఉండేది."

ఆయనది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. నేను కోడలిగా వచ్చాక రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాను కాబట్టి నాకూ గుర్తుంది. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం కుడితి తొట్టిలోకి, అక్కడి నుంచి గేదె కడుపులోకి. వాకిలి ఊడ్చిన ఆకూ అలమూ, పేడా, పొయ్యిలో బూడిదా పెరటి వెనక గెత్తం కుప్పలోకి, అంటే ఎరువు కుప్పలోకి. విరిగిన ప్లాస్టిక్ బిందె, చిల్లుపడ్డ సత్తుగిన్నె చూరు కింద ఉండేవి, ఉల్లిపాయల బండివాడు వచ్చేదాకా. పాత చీరలకి స్టీలు గిన్నెలు ఇచ్చే ఆవిడ వేరే. దేని దారి దానిది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, బోర్డులు పెట్టలేదు. చెత్తబుట్ట అనే వస్తువే ఆ ఇంట్లో లేదు. పట్నం వచ్చాక గేదె పోయింది, పెరడు పోయింది, ఆ దారులన్నీ కలిసి ఒక్క నల్ల కవరయింది.

మర్నాడు క్లిప్పులు తీసి, నీళ్లు పారబోసి, ఉల్లిపాయలు దించి, మూడు బుట్టలూ కడిగి వంటింట్లో పెట్టాను. అన్నిటికంటే ముందు ఒక వారంపాటు తూకం వేశాను. నలుగురం మనుషులం, కూరగాయల తూకపు కొక్కెం ఇంట్లో ఉంది. వారానికి తడి చెత్త ఆరు కిలోల ఎనిమిది వందల గ్రాములు. పొడిది కిలోన్నర పైచిలుకు. ఎర్ర బుట్టలోది ముప్పావు కిలోకి తక్కువ. తడిది అంత బరువుంటుందని నేను అనుకోలేదు. చూడ్డానికి బుట్టంతా ప్లాస్టిక్కే ఉన్నట్టుంటుంది, చేత్తో ఎత్తితే బరువంతా తొక్కలదే.

పొడి బుట్ట తేలిగ్గానే అలవాటైంది. పాల కవరు కత్తిరించేటప్పుడు మూల పూర్తిగా కోసేయకూడదు, అంటిపెట్టుకుని ఉండాలి. ఆ చిటికెన గోరంత ముక్క విడిపోతే మళ్లీ ఎవరి చేతికీ చిక్కదు. కవరు చీల్చి, ఓ చెంబుడు నీళ్లతో జాడించి, వంటింటి తీగ మీద ఆరేస్తాను. పాత సామాన్ల కొట్టువాడు పాల కవర్లు విడిగా ఉంటే సంతోషంగా తీసుకుంటాడు. పేపర్లు కిలో 12 చొప్పున ఇచ్చాడు. అట్టపెట్టెలు, సీసాలు, ఇనుము అన్నీ తీసుకుంటాడు. వద్దనేది ఒక్కదాన్నే, లోపల వెండిలా మెరిసే చిప్స్ పొట్లాలు, బిస్కెట్ కవర్లు. రెండు మూడు పొరలు కలిపి అతికిస్తారు, విడదీయడం అవదు. అవి మాత్రం బండికే వెళతాయి. మా అబ్బాయి వాటిని లెక్కపెట్టి, తన ఖాతాలో వారానికి పదకొండు వచ్చాయని తనే చెప్పాడు.

తడి చెత్తే నన్ను నెలన్నర ఏడిపించింది.

బండికే ఇవ్వొచ్చు, తీసుకుంటారు. కానీ మావయ్య గారు గెత్తం చేద్దామన్నారు. మిద్దె మీద నాలుగు కుండీలున్నాయి, కరివేపాకు, తులసి, గోంగూర, ఒక మల్లె. పెయింటు పనివాళ్లు వదిలేసిన 20 లీటర్ల డబ్బాలు రెండు తెచ్చాం. ఇనుప చువ్వ కాల్చి చుట్టూ ముప్పై, అడుగున పది కన్నాలు పెట్టారు మావారు. కింద కొబ్బరిపీచు పరిచి, దాని మీద గుప్పెడు పాత పేడ, రెండు దోసిళ్ల కుండీ మట్టి. రోజూ తొక్కలు వేయడం, పైన ఎండాకులు కప్పడం, చెంచాడు పుల్లమజ్జిగ చల్లడం. చెప్పుకోవడానికి ఇంతే.

రెండో వారానికి డబ్బా దగ్గరికి వెళ్లలేకపోయాం. కుళ్లిన కోడిగుడ్డు వాసన. అడుగున నల్లటి నీరు. మూత తీస్తే తెల్లటి లావుపాటి పురుగులు, అవి కన్నాల్లోంచి పాకి, మెట్ల మీదుగా ఐదో అంతస్తు పిన్నిగారి గుమ్మందాకా వెళ్లాయి. ఆవిడ పూజలో ఉన్నారు. "ఏమిటమ్మా ఇది, శ్రావణమాసం పూటా" అన్నారు. చీపురు పట్టుకుని మెట్లన్నీ కడిగాను. ఆ రాత్రి డబ్బాలు రెండూ బండికి ఇచ్చేద్దామని నిశ్చయించుకున్నాను.

మావయ్య గారు ఒప్పుకోలేదు. అప్పటికి కొత్త మిషన్ ఇంకా రాలేదు, అన్నీ కాగితం మీదే. "తడి ఎక్కువైంది. గాలి లేదు" అని రాశారు. అదే నిజం. విశాఖలో వానాకాలం గాలిలోనే నీరుంటుంది. నేను వేసిన ఎండాకులు పేరుకే ఎండాకులు, చేత్తో పిండితే చెమ్మ. గాలి ఆడితే కుప్ప వేడెక్కి మట్టి అవుతుంది, ఆడకపోతే కుళ్లుతుంది. పెద్ద డంపింగ్ యార్డుల్లో జరిగేదీ అదే. లోపలి పొరల్లో గాలి లేక మీథేన్ పుట్టి, ఎండాకాలంలో మంటలు లేచేది అందుకే. మా ఇరవై లీటర్ల డబ్బాలో నేను చిన్న డంపింగ్ యార్డు తయారుచేశాను.

డబ్బాలోదంతా పాత గోనెపట్టా మీద పోసి ఒక పూట ఆరబెట్టాం. వడ్రంగి దుకాణంలో రంపం పొట్టు అడిగి తెచ్చుకున్నాం. ఇక్కడో మాట, అచ్చమైన చెక్క కోసిన పొట్టే తేవాలి. ప్లైవుడ్డు కోసిన పొట్టులో జిగురుంటుంది, అది మట్టికి మంచిది కాదు. తొక్కలు ఒక గిన్నెడైతే పొట్టో, చింపిన పేపరో, ఎండాకో ఒక గిన్నెడు, కొలత తప్పకుండా. మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా తిరగేయడం. గుప్పెడు తీసి పిండితే వేళ్ల మధ్య చెమ్మ తెలియాలి, చుక్క కారకూడదు. ఈ పని మావయ్య గారు తీసుకున్నారు. పొద్దున్నే మిద్దె మీదకి వెళ్లేవారు. వారం తిరిగేసరికి వాసన పోయింది. రెండు వారాలకి డబ్బా మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. పురుగుల్ని చంపవద్దన్నారు ఆయన. అవి నల్లగా కందిరీగలా ఉండే ఒక రకం ఈగ పిల్లలు, తొక్కల్ని మనకంటే తొందరగా తింటాయి. ఈనెల చీపురు పుల్లతో పట్టె కట్టి, పైన పాత దోమతెర బిగించాక అవి మళ్లీ మెట్ల మీదకి రాలేదు.

మన వంటిళ్లకి వేరే చిక్కులున్నాయి. మా ఇంట్లో వారానికి దోసెడు చింతపండు పిప్పి వస్తుంది. డబ్బాలో వేస్తే పులుపెక్కుతుంది, అందులోనూ ఉప్పు వేసి నానబెట్టిందయితే. దాన్ని ఇత్తడి దీపాలు తోమడానికి విడిగా తీసి పెట్టడం మొదలెట్టాను, మా అమ్మ అలాగే చేసేది, నేనే మానేశాను. మునక్కాడ పిప్పి ఎన్నాళ్లయినా నారలా ఉంటుంది. మామిడి టెంకలు, కొబ్బరి చిప్పలు వేయనే కూడదు. చేప పొలుసు, రొయ్యల తలలు డబ్బాలో వేస్తే పిల్లులు మూత పడగొట్టాయి. వాటిని మల్లె కుండీలో జానెడు లోతున పాతిపెడుతున్నాం. ఆ మల్లె ఈ ఏడు పూసినట్టు ఎప్పుడూ పూయలేదు.

నిర్మాల్యం సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. దేవుడి పూలు చెత్తలో వేయడం మావయ్య గారికి ఎప్పుడూ ఇష్టం లేదు. నెలకోసారి సంచిలో కట్టి బీచ్‌కి తీసుకెళ్లి సముద్రంలో కలిపేవారు. నేను ఆయన చూడకుండా బుట్టలో వేసేసిన రోజులున్నాయి, ఆ మంగళవారం కవరులో ఉన్నవి అవే. ఇప్పుడు వాటికి వేరే కుండ పెట్టాం. పూలు, తమలపాకులు, పత్రి, ఎండిన తులసి. అందులో వంటింటి చెత్త ఒక్క ముక్క పడదు. ఆ మట్టి తులసికోటకే వెళుతుంది. ఐదో అంతస్తు పిన్నిగారు ఒకరోజు మిద్దె మీదకి వచ్చి అది చూసి, ఏమీ అనకుండా కిందకి వెళ్లి, తన పూలబుట్ట తెచ్చి ఆ కుండలో ఒంపారు. పురుగులు ఆవిడ గుమ్మంలోకి వెళ్లిన నెలన్నరకి.

అక్టోబరులో మొదటి డబ్బా జల్లించాం. పిండి జల్లెడ కాదు, ఇసక జల్లించే జల్లెడ ముక్క ఒకటి మేస్త్రీ దగ్గర తెచ్చుకున్నాం. నల్లగా, పొడిపొడిగా, తొలకరి పడ్డ నేల వాసనతో నాలుగు కిలోల దాకా మట్టి దిగింది. మావయ్య గారు గుప్పెడు తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశారు.

నేను మాత్రం జల్లెడలో మిగిలిన వాటిని చూస్తూ కూర్చున్నాను. ఇంత జాగ్రత్తగా వేరు చేశామనుకున్నానా, అందులో ఏమేమున్నాయో చూడండి. కరివేపాకు కట్టల రబ్బరు బ్యాండ్లు పద్నాలుగు. ఆపిల్ పళ్ల మీద అంటించే స్టిక్కర్లు, మెరుపు కూడా తగ్గకుండా. పాల కవరు మూలలు ఆరు. టీ సంచుల వల. పూలదండల దారం బోలెడు. అరటినారతోనో నూలుదారంతోనో కట్టేవారు ఒకప్పుడు, ఇప్పుడు కొన్నిటికి నైలాన్ దారం వస్తోంది, అది మట్టి అవదు. ఇవన్నీ ఒక సీసాలో వేసి వంటింటి గట్టు మీద పెట్టాను. మా పనిలో సాయం చేసే లక్షణమైన పిల్ల ఒకతి ఉంది, నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా తలూపేది కానీ కలిపేసేది. ఆ సీసా చూశాక తనే అడిగింది, "అమ్మా, ఇదంతా మన తొక్కల్లోదేనా?" అని. ఆ రోజు నుంచి కరివేపాకు కట్ట విప్పితే రబ్బరు బ్యాండు తలుపు గొళ్లానికి తగిలిస్తోంది.

మొత్తం అపార్ట్‌మెంటు సంగతి ఇంత బాగా నడవలేదు. దీపావళి ముందు సమావేశంలో నేను మాట్లాడాను. అప్పటికి అమల్లో ఉన్న, 2016 ఏప్రిల్‌లో వచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ప్రతి ఇల్లూ మూడు రకాలుగా వేరు చేసే ఇవ్వాలి, ఇది మన ఇష్టం మీద ఉన్నది కాదు, అన్నాను. మూడో అంతస్తు బాబాయి గారు, రిటైరైన ఇంజినీరు, మంచి ప్రశ్న వేశారు. "కాపులుప్పాడలో చెత్తతో కరెంటు తీసే ప్లాంటుంది కదమ్మా, 15 మెగావాట్లది. 2022లో మొదలెట్టారు. ఎలాగూ కాల్చేదానికి వేరు చేయడం ఎందుకు?" నేను జవాబు చెప్పేలోపు ఆయన తమ్ముడు అందుకున్నారు. "అన్నయ్యా, పచ్చి కట్టెలతో పొయ్యి ముట్టించి చూశావా?" అని. తొక్కల్లో ఉన్నదంతా నీరే. ఆ నీరు ఆరడానికే సగం వేడి పోతుంది. పొడిది పొడిగా వెళితేనే అది మండుతుంది, తడిది తడిగా వెళితేనే అది ఎరువవుతుంది. కలిపితే రెండూ చెడతాయి.

ఇరవైలో పదకొండు ఇళ్లు మొదలెట్టాయి. ఇవాళ్టికి పదహారు. మిగిలిన నాలుగిళ్ల వాళ్లతో నాకు మాటలున్నాయి, పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకుంటాం, ఈ ఒక్క విషయం ఎత్తితే మొహం పక్కకి తిప్పుకుంటారు. వాళ్లలో ఒకాయన, "మేం కలిపిచ్చినా కింద వాచ్‌మన్ భార్య వేరు చేస్తుంది కదా, ఆవిడకి జీతమిస్తున్నాం" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆవిడకి మనం జీతం ఇస్తున్నది మెట్లు ఊడ్చడానికి, మన ప్యాడ్లు, మన గాజుముక్కలు చేత్తో ఏరడానికి కాదు. ఆ మాట అందరి ముందూ అన్నాను. అన్నందుకు విచారం లేదు.

ఎర్ర బుట్ట గురించి ఆడవాళ్లం విడిగా కూర్చుని మాట్లాడుకున్నాం. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి, దారం కట్టి, పైన ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు వేయాలి. గాజు అయితే అట్టముక్కల మధ్య పెట్టి, టేపు వేసి, "గాజు" అని తెలుగులో రాయాలి. ముప్పై సెకన్ల పని. మొదటిసారి నేను అలా చుట్టి ఇచ్చినప్పుడు బండి మీద ఉన్నది ఆ రోజు వేలు కోసుకున్న ఆవిడే. పొట్లం మీద గుర్తు చూసి, నా వైపు చూసి, విడిగా వేలాడుతున్న సంచిలో వేసింది. వేలు చూపించమన్నాను. కుట్లేమీ పడలేదట, సన్నటి గీత మిగిలింది.

మావయ్య గారికి నవంబరులో కొత్త మిషన్ వచ్చింది. దాని బ్యాటరీలు చొక్కా బొత్తాం కంటే చిన్నవి, వారానికో పది రోజులకో ఒకటి అయిపోతుంది. ఇన్నేళ్లూ అవన్నీ మా నల్ల కవర్లో, పప్పుచారుతో కలిసి, ఎక్కడికో వెళ్లి మట్టిలో కలిశాయి. ఇప్పుడు ఆయన వాటిని ఖాళీ హోమియోపతి సీసాలో వేస్తారు. ఇప్పటికి సీసా గొంతుదాకా వచ్చింది.

కిందటి సంక్రాంతి తర్వాత ఒకరోజు బండివాళ్లు మా తడి బుట్ట తిరగేస్తుంటే ఠంగుమని చప్పుడైంది. స్టీలు చెంచా. అట్లపిండి గిన్నెతో పాటు పడిపోయినట్టుంది. ఆ వేలు కోసుకున్న ఆవిడే తీసి, కుళాయి కింద కడిగి, "ఇదైతే దొరికినాదమ్మా" అని నా చేతిలో పెట్టింది. ఆ చెంచాని నేను వేరుగా ఉంచాను, పోపుల డబ్బాలో పసుపుకి వాడుతున్నాను.

మిద్దె మీద ఇప్పుడు ఆరు డబ్బాలున్నాయి, మూడు ఇళ్లవి. వానాకాలానికని మావయ్య గారు ఎండాకాలంలోనే ఎండాకులు నాలుగు గోనెసంచులు నింపి మెట్ల కింద దాచారు. బండి ఏడుంబావుకి సందు మొదట్లోకి వస్తుంది, పాట వేసుకుంటూ. వంటింట్లో కుక్కరు కూతల్లో నాకది వినబడదు. కిటికీ పక్క కుర్చీలోంచి ఆయనే లేస్తారు. "అమ్మా, బండి వస్తోంది" అంటారు, ఇప్పుడు మామూలు గొంతుతోనే, అని నీలం బుట్ట అందుకుంటారు.